పిల్లల సంగతి ముందు అయినవాళ్లే కూర్చుని తేల్చాలి
(ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండల మీద నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారు. మందస, మెళియాపుట్టి వైపు వాళ్లు బస్సులు మారి మారి వచ్చారు. థింసా వాళ్లు అప్పుడే గజ్జెలు కట్టుకుని పక్కన నిలబడ్డారు కాబట్టి ఎక్కువసేపు పట్టుకోం. కానీ ఈ మాట ఈ రోజు చెప్పకపోతే మళ్లీ ఇంతమంది ఒకచోట దొరకరు.

మా సంఘంలో కొంతమందిమి పాటలూ ఆటలతో పాటు పిల్లల పని కూడా చూస్తున్నాం. తల్లో తండ్రో చనిపోయిన గుంటలు, ఇద్దరూ వలసపోయాక అవ్వ దగ్గర మిగిలిపోయిన గుంటలు, ఇంట్లో తాగుడు, కొట్లాట ఎక్కువై బయటికి వచ్చేసిన గుంటలు. ఇలాంటి గుంట ఎక్కడ ఉండాలి, ఎవరి చేతిలో పెరగాలి అన్నది ఎవరు చెప్పాలి? మా అందరి ముందూ ఉన్న ప్రశ్న ఇదే. ఆఫీసరా, కమిటీయా, ఊరి నాయుడా, లేకపోతే ఆ గుంటకి అయినవాళ్లా?

పూర్వం మనలో ఈ ప్రశ్నే లేదు. సవరలకి బిరిందా ఉంది. నాలుగైదు తరాల వెనక ఒకే తాత కడుపున పుట్టినవాళ్లందరూ ఒక బిరిందా. ఇందులో పిల్లా పిల్లాడూ అన్నాచెల్లెళ్లు, పెళ్లి చేసుకోరు. చావుకి బిరిందా అంతా రావాలి, కర్మకాండలో బిరిందా అంతా చేతులు కలపాలి. తండ్రి పోయిన పిల్లవాడు అనాథ అన్న మాటకి అందులో చోటు తక్కువ. జాతాపులకి వంశాలున్నాయి, ఊరి పెద్ద నాయుడు ఉన్నాడు, కబురు చెప్పే బారిక ఉన్నాడు. మేనమామ మాట లేకుండా ఏ ఇంట్లోనూ పెద్ద పని జరగదు. ఏ గుంట ఎవరికి ఏమవుతుందో ఊళ్లో పదేళ్ల పిల్లకి కూడా తెలుసు.

ఇప్పుడు ఏమవుతోంది? ఎవరో 1098కి ఫోన్ చేస్తారు. మంచిదే, చెయ్యాలి కూడా. పిల్లల్ని 24 గంటల్లోపు, ప్రయాణం సమయం కాకుండా, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. అది 2015 బాలల న్యాయ చట్టం చెప్పిన లెక్క. కమిటీలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, అందులో కనీసం ఒకరు మహిళ. వాళ్లు మంచివాళ్లే, పని భారం ఉన్నవాళ్లు. సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో రావాలి. ఆ 15 రోజుల్లో కొండ ఎక్కి, ఊరంతా అడిగి, మేనమామ ఎక్కడున్నాడో కనుక్కుని, అమ్మమ్మ ఊరికి వెళ్లి రావడం ఒక్క మనిషికి అయ్యే పని కాదు. అందుకని నివేదికలో ‘చూసుకునే బంధువులు లేరు’ అని ఒక వాక్యం పడిపోతుంది. ఆ వాక్యంతో పిల్లవాడు మైదానంలో ఒక హోమ్‌లో చేరతాడు.

చట్టం ఇలా చెయ్యమని చెప్పలేదు. 3వ సెక్షన్‌లో 16 సూత్రాలు రాసి ఉన్నాయి. పిల్లల బాధ్యత మొదట కుటుంబానిదే అన్నది అందులో ఒకటి. సంస్థలో పెట్టడం అన్ని దారులూ చూశాక ఆఖరి దారి అన్నది ఒకటి. తన సంగతి మీద పిల్లవాడి మాట వినాలన్నది ఇంకొకటి. 37వ సెక్షన్ ప్రకారం కమిటీ పిల్లవాణ్ణి కుటుంబానికే తిరిగి అప్పజెప్పవచ్చు, తగిన వ్యక్తి దగ్గర ఉంచవచ్చు, పెంపక సంరక్షణకి ఇవ్వవచ్చు, స్పాన్సర్‌షిప్ ఇప్పించవచ్చు. దారులన్నీ చట్టంలోనే ఉన్నాయి. కుటుంబాన్ని ఒకచోట కూర్చోబెట్టే పని మాత్రం ఎవరి పేరా రాసి లేదు. ఆ పని మనం ఎత్తుకోవాలని మా వాదన.

ఒక ఇంటి సంగతి చెప్తాం. పేరు చెప్పం, ఊరు చెప్పం, గుర్తుపట్టే సంగతులు కొన్ని మార్చాం. పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని అదే చట్టం 74వ సెక్షన్ చెప్తుంది, చట్టం చెప్పకపోయినా మనం చెప్పకూడదు.

ఒక సవర ఊరు. తండ్రి చెన్నైలో భవనం పనికి వెళ్లి అక్కడే పోయాడు. తల్లి ఏడాది తర్వాత మారుమనువు వెళ్లింది. పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల తమ్ముడు, చూపు సరిగా లేని నానమ్మ మిగిలారు. అమ్మాయి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆశ్రమ పాఠశాల మానేసింది. ఎవరో చూసి ఫోన్ చేశారు, పిల్లల్ని తీసుకెళ్లారు. ఆడపిల్లల హోమ్ వేరు, మగపిల్లల హోమ్ వేరు కదా, అక్కాతమ్ముళ్లు విడిపోయారు. తమ్ముడికి సవర తప్ప మాట రాదు. వాడి కాగితం మీద ‘మాట్లాడడు’ అని రాశారు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, వినేవాళ్లకి ఆ భాష రాదు, అంతే.

కమిటీ వాళ్లని అడిగి మేం మూడు వారాలు గడువు తీసుకున్నాం. ఆ మూడు వారాల్లో చేసిన పని పెద్దదేం కాదు, తిరగడమే. నానమ్మని అడిగితే ఆమె నేల మీద చింతగింజలు పెట్టి చూపించింది: ఇది నా పెద్దకొడుకు, ఇది చిన్నవాడు, ఇది కూతురు, ఇది కోడలి అన్న, ఇది కోడలి చెల్లి. పదిహేడు గింజలు వచ్చాయి. ‘బంధువులు లేరు’ అన్న పిల్లలకి పదిహేడు గింజలు! మేనమామ సరిహద్దు దాటి ఒడిశాలో గుణుపురం వైపు ఉన్నాడు. బిరిందాకి రాష్ట్రం హద్దు ఏముంది. అందరికీ కబురు పెట్టాం. కూలి పోతుందన్నవాళ్లకి సంత లేని రోజు, పోడు పని తగ్గిన రోజు చూసి చెప్పాం. వంట ఊరివాళ్లే చేశారు.

కూర్చున్నాక మొదట రగడ. తల్లి కొత్త మొగుడితో వచ్చింది. ‘వదిలేసి పోయినదానికి ఇక్కడేం పని’ అని ఇద్దరు పెద్దలు లేచారు. నానమ్మే అంది, కన్నది కదా కూర్చోనివ్వండి అని. తర్వాత చిన్నాన్న, పిల్లలు మా ఇంట్లోనే ఉంటారు, ఇంకెక్కడికీ పంపం అన్నాడు. వినడానికి బాగుంది. అప్పుడు వెనకాల గోడవారన కూర్చున్న ఒక పెద్దమ్మ ఒక్క మాట అడిగింది: ‘ఈ ఏడు జీడి ఎవరు ఏరుకున్నారు?’ చనిపోయినాయన పేర అటవీ హక్కుల పట్టా ఉంది, దాని మీద జీడిమామిడి తోట ఉంది. రెండేళ్లుగా గింజలు చిన్నాన్నే అమ్ముకుంటున్నాడు. ఏ ఆఫీసరుకీ ఈ ప్రశ్న తట్టదు. మాకూ తట్టలేదు.

చిన్నాన్న చెడ్డవాడు కాదు, తోటని కాపాడింది కూడా అతనే. కానీ పిల్లలు ఉన్నచోటే పట్టా ఉంటుందన్న లెక్క అతని మాట వెనక ఉంది. ఆ లెక్క అందరి ముందూ బయటికి వచ్చింది కాబట్టి తేలిక అయింది.

ఇంకొకటి. మేనత్త ముందుకొచ్చింది. ఇల్లు పెద్దది, పాఠశాల దగ్గర, మనిషి మంచిది. మాకైతే అదే సరిపోతుందనిపించింది. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఊళ్లో మేనరికం ఉంది, మేనత్తకి పద్దెనిమిదేళ్ల కొడుకున్నాడు. పిల్లని ఆ ఇంట్లో పెడితే రెండేళ్లలో పెళ్లి చేసేస్తారు, చదువు పోతుంది అన్నారు. మేనత్తకి కోపం వచ్చింది, కాదనలేకపోయింది. అప్పుడు పిన్ని పేరు వచ్చింది. తల్లి చెల్లెలు. పిన్ని కొడుకులు ఆ పిల్లకి అన్నదమ్ములే అవుతారు, ఆ భయం లేదు. ఇల్లు చిన్నది, ముగ్గురు పిల్లలున్నారు, చోడి అంబలికి కూడా లెక్క చూసుకునే ఇల్లు. అయినా అక్కడికే అని తేలింది.

ఇక్కడ మేం చేసిన పని ఒక్కటే ఉంది. పిల్లల సంగతి, చట్టం సంగతి, ఏ సాయం దొరుకుతుందో ఆ సంగతి చెప్పేసి లేచి బయటికి వచ్చేశాం. మాతో వచ్చిన జిల్లా బాలల పరిరక్షణ విభాగం మనిషి కూడా లేచి వచ్చారు. ఊట దగ్గర రెండున్నర గంటలు కూర్చున్నాం. లోపల అరుపులు వినిపించాయి, ఒకసారి ఎవరో ఏడ్చారు, తర్వాత నవ్వులు. పిలిస్తే లోపలికి వెళ్లాం. పిల్లలిద్దరూ పిన్ని దగ్గర, విడదీయకూడదు. నానమ్మకి చిన్నాన్న ఇంట్లో కూడు. తోట చిన్నాన్న చూస్తాడు, జీడి డబ్బులో సగం అమ్మాయి పేర పోస్టాఫీసులో వెయ్యాలి. తల్లి సంత రోజున పిన్ని ఊరికి వచ్చి పిల్లల్ని చూసి వెళ్లొచ్చు. మేనమామ కమిటీ ముందుకి వచ్చి పూచీ పడతాడు. అమ్మాయిని అడిగితే ఆమె పెట్టిన షరతు ఒకటుంది: పదో తరగతి అయ్యేదాకా ఎవరూ పెళ్లి మాట ఎత్తకూడదు. అదీ రాశారు. అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు.

కమిటీ ఆ కాగితాన్ని తీసుకుని, విచారణ చేయించుకుని, ఆ మేరకే ఉత్తర్వు ఇచ్చింది. మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. బంధువుల ఇంట్లో పెరిగే అనాథ పిల్లలకి, వితంతువు పిల్లలకి అది వర్తిస్తుంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. ఆ డబ్బు రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలలు పిన్ని ఎలా నెట్టుకొచ్చిందో ఆమెకే తెలియాలి. కుటుంబం నిర్ణయించింది కదా అని సర్కారు చెయ్యి కడుక్కుంటే ఈ పద్ధతి నిలవదు. నిర్ణయం అయినవాళ్లది, ఖర్చులో వాటా ప్రభుత్వానిది.

ఇదేదో మనం కనిపెట్టిన కొత్త పద్ధతి అనుకోకండి. న్యూజిలాండ్‌లో మావోరీ అనే ఆదివాసులున్నారు. వాళ్ల పిల్లల్ని కూడా ప్రభుత్వం హోమ్‌లకీ, తెల్లవాళ్ల ఇళ్లకీ పంపించేది. 1980లలో మావోరీలు ఒప్పుకోలేదు. జాన్ రంగిహావు అనే వాళ్ల పెద్ద ఆధ్వర్యంలో ఒక కమిటీ ఊరూరా తిరిగి, వాళ్ల సభా ప్రాంగణాల్లో కూర్చుని విని, ‘పువావో తె ఆటా తూ’ అనే నివేదిక ఇచ్చింది. తెల్లవారు వెలుగు అని దానికి అర్థం. పిల్లవాడంటే ఒంటరి మనిషి కాదు, వానవు అనే పెద్ద కుటుంబంలో ఒకడు, వాడి సంగతి ఆ కుటుంబం లేకుండా తేల్చకూడదు అన్నది దాని సారం. 1989లో అక్కడ చట్టం వచ్చింది. అప్పటినుంచి పిల్లల రక్షణ కేసుల్లో కుటుంబ సమావేశం చట్టంలోనే భాగం. అధికారులు తమకి తెలిసింది చెప్తారు, తర్వాత కుటుంబాన్ని ఒంటరిగా వదిలేస్తారు, వాళ్లు మాట్లాడుకుని తమ ఏర్పాటు చెప్తారు. మేం ఊట దగ్గర కూర్చున్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. అక్కణ్ణుంచి ఈ పద్ధతి ఆస్ట్రేలియాకీ, ఇంగ్లండుకీ, అమెరికాకీ పాకింది. కొండవాళ్ల పద్ధతిని పట్నాలవాళ్లు నేర్చుకున్న సంగతులు ఎక్కువ లేవు, ఇది ఒకటి.

అక్కడ అంతా బాగుందని చెప్పం. సంరక్షణలో ఉన్న పిల్లల్లో మావోరీ పిల్లలు ఈనాటికీ తమ జనాభా వాటాని మించి ఉన్నారు. అధికారులు ముందే నిర్ణయించుకుని, సంతకాల కోసం కుటుంబాన్ని పిలుస్తున్నారని అక్కడి వాళ్లే విమర్శిస్తుంటారు. మన గ్రామసభల తీర్మానాలు ఎలా రాస్తారో చూసినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

అమెరికా ఆదివాసుల కథ ఇంకా గట్టిది. 1970ల నాటికి అక్కడ ప్రతి నలుగురు ఆదివాసీ పిల్లల్లో ఒకరికి తక్కువ కాకుండా ఇంటి నుంచి విడిపోయారని సర్వేలు తేల్చాయి. 1978లో చట్టం తెచ్చారు. దత్తతకి ఇవ్వాల్సి వస్తే ముందు పెద్ద కుటుంబం, లేకపోతే అదే తెగవాళ్లు, లేకపోతే వేరే ఆదివాసీ కుటుంబం. ఆ తర్వాతే బయటివాళ్లు. దీన్ని కొట్టేయమని కోర్టుకి వెళ్తే 2023 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. మన చట్టంలో ఇలాంటి వరస లేదు. మన గుంట ఏ భాషలోకి వెళ్తాడో అడిగే సెక్షన్ లేదు.

ఇప్పుడు మనవాళ్లకి నచ్చని మాట ఒకటి చెప్పాలి. అయినవాళ్లు అంటే కులపెద్దలు కాదు. ఈ రెండూ ఒకటే అనుకుంటే పిల్లలకి చాలా కీడు జరుగుతుంది. ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగితే పెద్దమనుషులు కూర్చుని, తప్పు కట్టించి, ఒక మేకని కోసి, కల్లు పోయించి ‘అయిపోయింది’ అనిపించడం మనకి తెలియనిది కాదు. అది తగువు తీర్చడం కాదు. పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసిన ప్రతి మనిషీ చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. ఆ నేరం తప్పు కట్టించినవాళ్ల మీదా ఉంటుంది, మేక మాంసం తిని ఇంటికి పోయినవాళ్ల మీదా ఉంటుంది. అలాంటి కేసులో ముందు పోలీసు, ఆస్పత్రి. కుటుంబం కూర్చునేది ఆ తర్వాత, పిల్ల ఎక్కడ భద్రంగా ఉంటుందని మాత్రమే. చేసినవాడు ఆ గదిలో ఉండకూడదు, వాడి తరఫువాళ్లూ ఉండకూడదు.

కొంతమంది యువకులు ‘పీసా ఉంది కదా, మా ఆచారం ప్రకారం తేల్చుకుంటాం’ అంటున్నారు. 1996 పీసా చట్టం గ్రామసభకి ఆచారాలనీ, తగువులు తీర్చుకునే పద్ధతినీ కాపాడుకునే శక్తి ఇచ్చిన మాట నిజం. నేరాన్ని దాచిపెట్టే హక్కు మాత్రం ఇవ్వలేదు. పైగా మందస, మెళియాపుట్టి వైపు మన ఊళ్లు చాలా షెడ్యూల్డ్ ప్రాంతంలోనే లేవు. వాళ్లకి పీసా పేరు చెప్పి ఏం లాభం? అయినవాళ్ల కూర్పుకి పీసా అక్కర్లేదు, బాలల న్యాయ చట్టం చాలు.

కూర్పులో ఆడవాళ్లు సగం లేకపోతే ఆ కూర్పు చెల్లదని మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. తల్లి తరఫు వాళ్లు రాకపోతే వాయిదా. తాగి వచ్చినవాడు బయటే. పిల్లవాడు చిన్నవాడైతే వాడికి నచ్చిన ఒక పెద్ద మనిషి, అత్తో అక్కో టీచరో, వాడి పక్కన కూర్చుని వాడి మాట చెప్పాలి. ఆర్నెల్లకోసారి మళ్లీ కూర్చోవాలి. ఈ ఆఖరిది అందరూ మర్చిపోతారు. ఇంకో ఊళ్లో ఒక కుటుంబం తమలో తాము బాగానే తేల్చుకుంది, రాసుకుంది కూడా. తర్వాత ఎవరూ తొంగి చూడలేదు. రెండో ఏడు వేసవిలో ఆ పిల్లవాడు ఇటుకబట్టీలో తేలాడు. ప్రేమ లేక కాదు, బాకీ ఉండి.

భాష సంగతి చెప్పి ముగిస్తాం. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకోవడానికి సవర వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నారు, సవర పిల్లలకి సొంత డబ్బుతో బడి పెట్టారు, 1931లో సవర భాషకి వ్యాకరణం అచ్చయింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నారు. సవరలకి కూడా అది పండగే అని మేం అంటాం. అంత పని జరిగి ఇన్నేళ్లయ్యాక కూడా ఒక ఆరేళ్ల సవర గుంట కాగితం మీద ‘మాట్లాడడు’ అని పడింది. దుబాసీల జాబితా జిల్లా బాలల పరిరక్షణ విభాగం దగ్గర ఉండాలని నియమాలు చెప్తున్నాయి. జాబితాలో పేర్లు ఉండాలంటే మనుషులు ముందుకి రావాలి.

అందుకని ఈ ప్రాంగణంలో ఎడమ పక్కన చింతచెట్టు కింద బల్ల వేశాం. సవర గానీ కువి గానీ, దాంతో పాటు తెలుగు గానీ బాగా వచ్చినవాళ్లు పేరు, ఊరు, ఫోన్ నంబరు ఇవ్వండి. చదువు అక్కర్లేదు. నెలలో రెండు రోజులు ఇవ్వగలిగితే చాలు, దారి ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. ఆడవాళ్లు ఎక్కువ కావాలి. పక్కనే ఇంకో పుస్తకం ఉంది. మీ ఊళ్లో ఇప్పుడు ఏ గుంటయినా ఒంటరిగా ఉంటే, పేరు పైకి చెప్పకుండా మా వాళ్లతో మెల్లగా చెప్పండి. వచ్చే నెల కొత్తూరు వైపూ, ఆ తర్వాత పాచిపెంట వైపూ తిరగడానికి వెళ్తున్నాం. చింతగింజలు మీ ఇంట్లోవే పట్టుకురండి.